ఆఖరి సీను చెప్పొద్దు

ఇంటర్వెల్ అయిపోయింది. దీపాలు వరసగా ఆరిపోతున్నాయి, ముందు గోడల మీదవి, తరువాత మెట్ల పక్కవి, ఆఖరికి తలుపు మీద ఎర్రక్షరాలు తప్ప ఏమీ మిగలలేదు. నా పక్క సీట్లో నా చేతిసంచీ కూర్చుని ఉంది. అది వదిన సీటు. టిక్కెట్ల కిటికీ దగ్గర అమ్మాయి ఎన్ని అని అడిగితే రెండు అన్నాను, నోటి అలవాటు, అన్నాక మార్చుకోవచ్చు, కానీ ఒకటి అని చెప్పడానికి నోరు రాలేదు. మధ్యాహ్నం ఆట కదా, జనం పలచగా ఉన్నారు. ముందు వరసలో ఒకాయన అప్పుడే గురక మొదలుపెట్టాడు, మా అన్నయ్య గుర్తొచ్చాడు, ఏ సినిమాకి తీసుకెళ్ళినా పేర్లు పడేటప్పుడు నిద్రపోయి, లైట్లు వేసేటప్పుడు లేచి, కళ్ళు నులుముకుంటూ బాగుంది అనే మనిషి. తెర మీద ముసలాయన మళ్ళీ నడుస్తున్నాడు. మొదటి సగమంతా నడిచాడు, రెండో సగంలోనైనా కూర్చుంటాడేమో అనుకున్నాను. ఈమధ్య సినిమాల్లో ఎవరికీ వేరే పని లేదు, దుఃఖం వస్తే నడుస్తారు, కోపం వస్తే నడుస్తారు, కెమెరా వెనకాల పడి వీపు చూపిస్తుంది, ఆ వీపు మీద వయొలిన్లు మోగుతాయి. మనకి ఏడుపొచ్చే లోపే వయొలిన్లు ఏడ్చేస్తాయి, ఇంక మన వంతు మిగలదు. ఈ మాట వదినతో అనాలి అనుకుని పక్కకి తిరిగాను, చేతిసంచీ ఉంది.

కథ పెద్దగా ఏమీ లేదు. రేడియోలు బాగుచేసే ముసలాయన ఒకడు, కూతురితో ఏదో మాటామాటా వచ్చి ఆ పిల్ల ఇల్లు వదిలి పోయింది, ఏళ్ళు గడిచాయి, ఒకరోజు ఎవరిదో పాత రేడియో విప్పుతుంటే అందులోంచి కూతురి గొంతు వినిపించింది, ఏ ఊరి స్టేషనో తెలియదు, ఆ గొంతు వెతుక్కుంటూ బయలుదేరాడు. నాలుగు వాక్యాల కథ, దానికి ఇంతసేపు. అయినా మొదట్లో బాగానే పట్టుకుంది, ఇప్పటి సినిమాలన్నింటికీ ఆరంభశూరత్వం ఉంది, మొదటి పావుగంట చూస్తే ఇంత గొప్ప సినిమా మరొకటి లేదనిపిస్తుంది, తరువాత దర్శకుడు ఎటు పోయాడో దుర్భిణీ వేసి వెతకాలి. ముసలాయన కోటుకి వీధిలో నాలుగు గుండీలు, బస్సు ఎక్కేసరికి మూడు, దిగేసరికి మళ్ళీ నాలుగు. నేను బట్టలు సరిచేసే కొట్లో పనిచేస్తాను, నడుములు బిగించడం, అంచులు మడవడం, జిప్పులు మార్చడం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే, కాబట్టి తెర మీద ఎవరేం మాట్లాడుతున్నా నా కన్ను కుట్టు మీదికే పోతుంది. వదిన కన్ను పళ్ళ మీదికి పోతుంది. ఆవిడ పళ్ళడాక్టరు దగ్గర రిసెప్షన్లో ఉండేది, ఉండేది ఏమిటి, ఉంటుంది, సెలవులో ఉంది. పూట గడవని ముసలాయన నోరు తెరిస్తే ముత్యాల వరస, వదిన ఉంటే ఈపాటికి నా మోచేతిని పొడిచి ఉండేది, ఇవి మా డాక్టరు కట్టిన పళ్ళేనే, కావలిస్తే వెళ్ళి చూసుకో అని, గుసగుసలాడుతున్నాననుకుంటూ హాలంతా వినబడేలా. ముందు వరసవాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరూ తిరిగి చూడడం లేదు.

అన్నయ్య పెళ్ళి చేసుకుని ఆవిడను తీసుకొచ్చినప్పుడు నేను ఇంకా బడికి పోతున్నాను. కొత్తకోడలు కదా, అందరూ ఆవిడ చుట్టూ చేరి చదువేమిటి, వంట వచ్చా అని అడుగుతున్నారు, ఆవిడ వాళ్ళందరి భుజాల మీదుగా నన్ను చూసి, ఏమ్మా మరదలా, సినిమాలు చూస్తావా అని అడిగింది. చూస్తాను అన్నాను. మధ్యలో లేచి వెళ్తావా అంది. వెళ్ళను అన్నాను. అయితే పరవాలేదు, ఈ ఇంట్లో ఒక మనిషి ఉంది అంది. అదీ మొదలు. నాకు పెళ్ళి మీద బోలెడు అభిప్రాయాలున్నాయి కానీ పెళ్ళి లేదు, నా సాయంత్రాలన్నీ వదినవే, కొత్త సినిమా వస్తే మొదటివారంలో చూడాలి, నవల వస్తే ఒకటే ప్రతి కొనాలి, నేను కుట్లు విప్పే బ్లేడుతో దాని వెన్నుపట్టి కోసి రెండు ముక్కలు చేస్తాను, ముందు సగం ఒకరు, వెనక సగం కోసం కాచుకుని ఒకరు. ముందు చదివే హక్కు పెద్దరికం వల్ల ఆవిడది. నేను ఆవిడ వెనకాల పరిగెత్తుతాను. ఎక్కడున్నావే, మెట్ల మీద పడిపోయాడా వాడు, అయ్యో ఇంకా పడలేదా, అయితే నేనేం అనలేదు, చదువు. అదీ ఆవిడ పద్ధతి. మధ్యలో ఎంతైనా వాగుతుంది, ఎవరైనా కథ చెబుతుంటే ఒక వాక్యం పూర్తి కానివ్వదు, ఆగు ఆగు, అప్పుడు వాడి చేతిలో గొడుగుందా లేదా అంటుంది, మూడు మాటలకొకసారి అడ్డు తగులుతుంది, ఆవిడకి కథ చెప్పడం కన్నా తడిసిన కోటు ఇస్త్రీ చేయడం తేలిక. కానీ ఆఖరి సీను మాత్రం చెప్పకూడదు. అది మా ఇద్దరి చట్టం. ఎవరి కళ్ళతో వాళ్ళు చూడాలి, ఎవరి వేలితో వాళ్ళు ఆఖరి పేజీ తిప్పాలి.

అన్నయ్య ఒకసారి ఆ చట్టం మీద కాలేశాడు. లిఫ్టులు బాగుచేసే పని వాడిది, ఏదో పెద్ద భవనంలో పై అంతస్తుకీ కింది అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయిన ఒకావిడకి ధైర్యం చెబుతూ తలుపు సందులోంచి కబుర్లాడాడట, ఆవిడ చేతిలో మేము చదువుతున్న నవలే ఉందట, ఆవిడ భయం పోగొట్టుకోవడానికి మొత్తం కథ చెప్పేసిందట. పాపం వాడు అది మాకో కానుక అనుకున్నాడు. రాత్రి భోజనాల దగ్గర, మీరు చదివే పుస్తకంలో తోటమాలే కదా చంపింది అన్నాడు. వదిన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఆ తరువాత వారంపాటు అన్నయ్య ఆ ఇంట్లో ఉన్నట్టే ఆవిడకి తెలియలేదు, వాడి పళ్ళెం, వాడి మంచినీళ్ళు అన్నీ వేళకి వచ్చేవి, మాట మాత్రం లేదు. నాకేం తెలుసే, చచ్చినవాడు ఎలాగూ చచ్చాడు కదా, ఎవడు చంపితే ఏమిటి అని నా దగ్గర మొత్తుకున్నాడు. చావు ముఖ్యం కాదన్నయ్యా, తెలుసుకోవడం ముఖ్యం అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలా. ఇప్పుడా మాట గుర్తొస్తే ఒళ్ళు చల్లబడుతోంది.

ముసలాయన ఒక వసతిగృహంలో దిగాడు, మంచం మీద రేడియో పెట్టుకుని మీట తిప్పుతున్నాడు, గరగర తప్ప ఏమీ లేదు. ఈ సీను బాగుంది, ఒప్పుకోవాలి, వయొలిన్లు కూడా నోరు మూసుకున్నాయి. ఆసుపత్రి వార్డులో కూడా ఇలాగే ఏదో ఒకటి గరగరలాడుతూ ఉంటుంది, కిటికీ పక్కన ఏదో యంత్రం, నర్సుని అడిగితే అదేం లేదమ్మా అలాగే ఉంటుంది అంది. మొన్న నేను వెళ్ళేసరికి వదిన ఆ గరగరలో కూర్చుని చదువుకుంటోంది. నేనే పట్టుకెళ్ళి ఇచ్చిన నవల, అందరూ చదువుతున్నదే, అట్ట మీద కథ కంటే పొగడ్తలు ఎక్కువ, లోపల ప్రతి అధ్యాయం చివరా ఎవరో ఒకరు తలుపు కొడతారు, తరువాతి అధ్యాయంలో చూస్తే పాలవాడో పక్కింటివాడో. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే, ఇప్పటి రచయితలకి ఎలుక కూడా దొరకడం లేదు, తవ్వకమే మిగిలింది. అది ఆసుపత్రిలో చదవడానికని నేను కోయలేదు, మంచం మీద ముక్కలెక్కడ జారిపోతాయో అని. వదిన నన్ను చూసి దాన్ని తెరిచినట్టే ఒళ్ళో పెట్టుకుంది. ఎంతవరకూ వచ్చావు అని అడుగుతూ చూశాను, కుడిచేతి వైపు ఒక్క కాగితమే ఉంది. ముందురోజు అడిగితే ఇంకా కథ మొదట్లో పెళ్ళి దగ్గరే ఉన్నాను, కాగితాలు కదలడం లేదే అంది. పొరపాటున తెరుచుకుందా వదినా అన్నాను. కాదు, చివరి పేజీ చదివేశాను అంది. మామూలుగా అంది, కిటికీ వేశాను అన్నట్టు. నేను నవ్వాను. ఎలా ఉంది అన్నాను. పరవాలేదు, మధ్యలో ఏం జరిగిందో నువ్వు చదువుకో అని నా చేతిలో పెట్టింది.

చీకట్లో కూర్చున్నా నాకు ఆ డాక్టరు గది కనిపిస్తూనే ఉంది. పెద్ద డాక్టరు అన్నయ్యనూ నన్నూ పిలిచి కూర్చోబెట్టాడు, మంచి మనిషే, తొందరపడలేదు, కలం మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు, చొక్కా చేతిగుండీ ఒకటి ఊడిపోయి దారం వేలాడుతోంది, నేను ఆ దారమే చూస్తూ కూర్చున్నాను, ఒక్క కుట్టు వేస్తే సరిపోతుంది అనుకుంటూ. అన్ని చోట్లకీ పాకింది అన్నాడు. ఇక మేము చేసేది నొప్పి తెలియకుండా చూడడమే అన్నాడు. ఎన్నాళ్ళు అని అన్నయ్య అడగలేదు, నేనూ అడగలేదు, ఆయనే, నెలల్లో అనుకోకండి అన్నాడు. బయటికి వచ్చాక అన్నయ్య నడవాలో లిఫ్టు ముందు నిలబడి, అది పైకీ కిందకీ పోతుంటే వింటూ, దీనికి తాడు వదులైంది, శబ్దం చూడు అన్నాడు. తరువాత నా చెయ్యి పట్టుకుని, ఆవిడకి తెలియకూడదు, తెలిస్తే కుంగిపోతుంది, మాటివ్వు అన్నాడు. ఇచ్చాను. అడగడం వాడికి ఎంత తేలికో ఇవ్వడం నాకూ అంత తేలికైంది. లోపలికి వెళ్ళి ఇద్దరం నవ్వాము. డాక్టరు ఏమన్నాడు అని వదిన అడిగితే, బాగుంది అన్నాడు అన్నాడు అన్నయ్య. వదిన వాడిని చూసి, తరువాత నన్ను చూసింది. నేను దిండుగలీబు ముడతలు సరిచేశాను.

ఇవాళ పొద్దున, నర్సు జ్వరం చూసి వెళ్ళాక, కొత్తది ఒకటి వచ్చిందట కదా, రేడియోవాడిది, నువ్వెళ్ళి చూసి రా అంది వదిన. నువ్వు లేకుండా నేనెందుకు చూస్తాను, ఇంటికొచ్చాక ఇద్దరం వెళ్దాం అన్నాను. వెళ్ళు. వచ్చి మొత్తం చెప్పు. ఆఖరి సీనుతో సహా చెప్పు. అచ్చంగా ఇలాగే అంది, ప్రతి మాటా విడివిడిగా. అన్నయ్య మొహం వెలిగిపోయింది. నన్ను బయటికి లాక్కొచ్చి, చూశావా, సినిమా అడుగుతోంది, తేరుకుంటోంది, డాక్టర్లకేం తెలుసు అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు, సంతోషం నీళ్ళు. నేనేం చెప్పను? ఆవిడ ఆఖరి సీను అడిగిందిరా అన్నయ్యా, నీకు అర్థమవుతోందా, ఇన్నేళ్ళలో ఎన్నడైనా అడిగిందా, ఎవడో తోటమాలి పేరు చెప్పినందుకు నీతో వారం మాట్లాడని మనిషి అడిగింది, ఇంక తన కళ్ళతో చూసే వీలు లేదని తెలిసే అడిగింది, అని ఎలా చెప్పను. లోకంలో ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళం ఇద్దరమే. లిఫ్టు ముందు అన్నయ్యకి ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. వెళ్తానులే అన్నాను. అన్నయ్య నాకు బస్సు దాకా తోడొచ్చాడు, ఈల వేస్తూ.

ఇంటర్వెల్లో ఫోను చేశాను, అది కూడా మా పద్ధతే, విడిగా ఉన్నప్పుడు ఇంటర్వెల్లో ఇద్దరం ఎవరి ఊహ వాళ్ళం చెప్పుకుంటాం, చివర ఏమవుతుందో, ఓడినవాళ్ళు మరోసారి పాప్‌కార్న్ తేవాలి. నా ఊహ ఏమిటంటే, కూతురు ఎప్పుడో చచ్చిపోయింది, అది పాత రికార్డు అన్నాను. అనేసి నాలుక కరుచుకున్నాను. నీ ఊహ ఏమిటి వదినా అన్నాను గబగబా. నాకు ఊహలేం లేవే, నువ్వు చూసి చెప్పు అంది. పోస్టరు చూసే ముగింపు చెప్పేసి, సగంసార్లు తప్పి, తప్పినా నేను చెప్పిందే బాగుండేది అని దర్శకుడిని తిట్టే మనిషి. ఊహలు లేవట. నాకు భయమేసింది. ఇప్పుడూ భయంగానే ఉంది, కాళ్ళు చల్లగా ఉన్నాయి, ఈ హాల్లో గాలి మిషను ఎక్కువ పెట్టారు.

తెర మీద ముసలాయనకి ఎవరో చిరునామా చెబుతున్నారు. సినిమా చివరికి వచ్చేస్తోంది, చెప్పనక్కరలేదు, చూసి చూసి ఒంట్లో తెలిసిపోతుంది, సంగీతం ఊపిరి పీల్చుకుంటుంది, రంగులు కాస్త పచ్చబడతాయి, నటుడి గడ్డం ఒకరోజు ఎక్కువ పెరుగుతుంది. ఇది అయిపోతుంది. అయిపోయాక నేను లేవాలి, బస్సెక్కాలి, ఆ మంచం పక్కన కూర్చోవాలి, ఆఖరి సీను చెప్పాలి, నేను చెప్పాక ఆవిడ తల ఊపుతుంది, అంతే, ఆవిడకి తెలుసు అని నాకు తెలుసు అని ఆవిడకి తెలిసిపోతుంది, ఇక ఎవరం నవ్వలేం. చూడకపోతే? చూడకపోతే చెప్పనక్కరలేదు. సగంలో వచ్చేశాను వదినా, విసుగొచ్చింది, మిగతాది ఇద్దరం కలిసి చూద్దాం, నువ్వు లేచాక. చిన్నపిల్లల ఆలోచన, కళ్ళు మూసుకుంటే పిల్లికి లోకం చీకటి. అయినా నా చెయ్యి సంచీ అందుకుంది. మధ్యలో లేచి వెళ్తావా అని అడిగింది కదా మొదటిరోజు, వెళ్ళను అన్నాను కదా, ఇన్నేళ్ళూ వెళ్ళలేదు, ఎంత చెత్త సినిమాకైనా. లేచాను. ఎవరి పాదమో తొక్కాను. ఆ ఎర్రక్షరాల వైపు నడిచాను.

బయట వెలుతురు కళ్ళల్లో గుచ్చుకుంది. టార్చి పట్టుకునే ఆయన తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పు విప్పి మడమ రుద్దుకుంటున్నాడు. ఇప్పుడు పోతారేంటమ్మా, ఇంకెంతోసేపు లేదు అన్నాడు. ఒంట్లో బాగాలేదండీ అన్నాను. అయ్యో, ఇంతసేపు కూర్చుని చివర వదిలేసుకున్నారు, అసలు చివర్లో ఏమవుతుందంటే, అని మొదలుపెట్టాడు పాపం, మంచి మనసుతోనే. చెప్పొద్దు! అని అరిచాను. అంత గట్టిగా అరుస్తానని నాకే తెలియదు. ఆయన చెప్పు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు, పాప్‌కార్న్ అమ్మే అమ్మాయి తలెత్తి చూసింది. క్షమించండి అని మెట్లు దిగి వీధి గుమ్మం దాకా వెళ్ళాను, గోడకి ఆనుకున్నాను. సంచీలో ఫోను మోగింది. అన్నయ్య అనుకున్నాను. వదిన.

"అయిపోయిందా?"

"ఇంకా లేదు వదినా, నడుస్తోంది."

"బస్సులు కూడా నటిస్తున్నాయా అందులో? హారన్లు వినిపిస్తున్నాయి."

నేను ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది, ఈమధ్య రెండు మాటలకొకసారి తీసుకుంటోంది.

"లేచొచ్చేశావా?"

"విసుగొచ్చింది వదినా. ఏం బాగాలేదు. నువ్వొచ్చాక..."

"పిచ్చిపిల్లా. నాకు నువ్వు తప్ప ఇంకెవరు చెబుతారే? మీ అన్నయ్యకి ఏదైనా బాగుందే. నిద్రపోయి లేచినా బాగుందే. ఆ నర్సూ బాగుంది అంటుంది. నేల కడగడానికి వచ్చే ఆవిడ కూడా బాగున్నారమ్మా అంటుంది. ఇంతమందిలో కళ్ళు తెరుచుకుని చూసేదానివి నువ్వొక్కదానివే, నువ్వూ మొహం తిప్పుకుంటే నేనెవర్ని అడగాలి?"

"వదినా..."

"లోపలికి పో. ఇంకా ఉందిగా, పో. చివరిదాకా చూడు."

పెట్టేసింది. వీధిలో జనం పోతున్నారు, ఒకావిడ గొడుగు విదిలిస్తోంది, సన్నగా జల్లు మొదలైనట్టుంది, నాకు తెలియనే లేదు. ఆవిడని కాపాడుతున్నాను అనుకుని దాచాను నేను. ఆవిడ ఆ మంచం మీద ఒక్కతే కూర్చుని ఉంది, చుట్టూ అందరం నవ్వుతూ నిలబడ్డాం, ఆవిడ ఒక్కతే చూస్తోంది. ఎంత ఒంటరిగా ఉందో. ఎన్ని రోజుల నుంచి ఉందో. నాకు ఏడుపొచ్చింది, వయొలిన్లు లేకుండానే, వీధి గుమ్మంలో, ముక్కు చీదుకుంటూ. మళ్ళీ మెట్లెక్కాను. టార్చాయన ఏమీ అడగలేదు, చెప్పు తొడుక్కుని లేచి తలుపు తీసి, నా సీటు దాకా వెలుగు చూపించాడు.

చూశాను. అన్నీ చూశాను, చెప్పాలి కదా. ముసలాయన ఒక వీధిలోకి తిరిగాడు, వాన పడుతోంది, సినిమాల్లో చివర వాన పడకపోతే చట్టం ఒప్పుకోదు కాబోలు. గొడుగు లేదు, కోటుకి నాలుగు గుండీలు. ఒక ఇల్లు, నీలం తలుపు, లోపల్నుంచి రేడియో వినిపిస్తోంది, కూతురి గొంతు, లేక కూతురి లాంటి గొంతు. ఆయన మెట్టెక్కాడు. జుట్టు వెనక్కి దువ్వుకున్నాడు చేత్తో. మొదటిసారి నాకు ఆయన పళ్ళు అబద్ధం అనిపించలేదు. తలుపు కొట్టాడు. లోపల రేడియో ఆగిపోయింది. అడుగుల చప్పుడు వచ్చింది, దగ్గరికి, ఇంకా దగ్గరికి. గడియ కదిలింది. తెర నల్లబడింది. పేర్లు పడ్డాయి.

హాల్లో సీట్లు కిర్రుమన్నాయి. తరువాత వెనకనుంచి ఒకడు, అయిపోయిందా, ఇదేం సినిమారా బాబూ అన్నాడు. గురకాయన లేచి చుట్టూ చూశాడు. ఇప్పుడిదో వేలంవెర్రి, ముగింపు చెప్పకుండా వదిలేయడం, అడిగితే ప్రేక్షకుడి ఊహకి వదిలాం అంటారు, చొక్కాకి ఒక చెయ్యి కుట్టి రెండోది మీ ఊహకి వదిలానంటే మా కొట్లో ఊరుకుంటారా. వదినకి ఇలాంటివంటే ఒళ్ళుమంట, చేతకాక వదిలేశారు అంటుంది, నేనే వాదించేదాన్ని, లేదు వదినా, అందులో అందం ఉంది అని, ఎన్ని సాయంత్రాలు వాదించానో. ఏ అందమూ లేదు. లైట్లు వచ్చాయి. రెండు సీట్లనీ చూశాను. ఆవిడ నన్ను చివర చూసి రమ్మని పంపితే, చూసి తీసుకెళ్ళడానికి ఇక్కడ ఏమీ లేదు, నా చేతిలో ఉన్న చివర వేరేది, అది నాకు ముందునుంచే తెలుసు.

వార్డులోకి వెళ్ళేసరికి వదిన దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది, జుట్టు దువ్వించుకుంది ఎవరిచేతనో. అదిగో వచ్చింది నీ సినిమా అన్నాడు అన్నయ్య, కుర్చీలోంచి లేస్తూ.

"మీరెళ్ళి కాఫీ తాగి రండి," అంది వదిన.

"ఇప్పుడే తాగానుగా."

"మళ్ళీ తాగండి."

వాడు నా భుజం తట్టి వెళ్ళాడు. నేను మొదలుపెట్టాను. ముసలాయన, రేడియో, గొంతు. ఆగు, పళ్ళెలా ఉన్నాయి అంది. చెప్పాను. అనుకున్నాను, పోస్టర్లోనే అనుకున్నాను అంది. బస్సు గురించి చెబుతుంటే, ఆగు, గుండీలు సరిగ్గా ఉన్నాయా, నువ్వు చూసే ఉంటావు అంది. వసతిగృహం దగ్గర ఆపింది, వాన దగ్గర ఆపింది, మళ్ళీ వానా అని నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగింది, నీళ్ళిచ్చాను. నీలం తలుపు దగ్గరికి వచ్చాను.

"తలుపు తీశారా?"

"లేదు వదినా. గడియ కదిలింది, తెర నల్లబడింది. అంతే."

"చేతకాని వెధవలు," అంది. నేను వాదించలేదు. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, ముడతలు లేని దుప్పటి మీద చెయ్యి వేసి చదును చేసింది. "సరే. ఇప్పుడు నువ్వు చెప్పు. ఆ రోజు పెద్ద డాక్టరు మీ ఇద్దరినీ పిలిచాడు కదా. అక్కణ్ణుంచి చెప్పు."

నేను మంచం అంచు మీద కూర్చున్నాను. అన్నయ్యకి ఇచ్చిన మాట గుర్తుంది. డాక్టరు చేతిగుండీ నుంచి మొదలుపెట్టాను, వేలాడే దారం, కలం మూత, ఆయన అన్న మాటలు ఆయన అన్న వరసలోనే, అన్ని చోట్లకీ అన్నది, నొప్పి అన్నది, నెలలు కాదు అన్నది. ఆఖరిదాకా చెప్పాను. వదిన ఎక్కడా ఆపలేదు.